మీ ఊరి మెథడిస్టు గుడి చరిత్ర రాయడం ఎలా? పునాదిరాయి నుంచి అచ్చు దాకా

ఊళ్లో చర్చికి వందేళ్లు నిండుతున్నాయంటే కమిటీ ముందుగా టెంట్ల గురించి, భోజనాల గురించి, మైకుల గురించి కూర్చుంటుంది. చివర్లో ఎవరో ఒకరు "ఓ చరిత్ర పుస్తకం కూడా వేద్దాం" అంటారు. ఆ పని ఎవరికి అప్పగించాలో పెద్దగా ఆలోచించరు. కాస్త చదువుకున్నవాడు, ఎదురు చెప్పనివాడు ఎవరో చూస్తారు. నా మీద అలాగే పడింది. రెండు నెలల పని అనుకున్నాను, రెండేళ్లు పట్టింది.

ఆ రెండేళ్లలో ఏది ముందు చేయాల్సిందో, ఏది వెనక చేయాల్సిందో తెలిసొచ్చింది. ఇది తెలంగాణ పల్లె చర్చిల కోసం, ముఖ్యంగా మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట, వికారాబాద్ వైపు ఊళ్ల కోసం రాస్తున్నాను. నేను చేసిన తప్పుల్లో సగమైనా మీకు తప్పుతాయని ఆశ.

1. ముందు మీది ఏ మెథడిస్టో తేల్చుకోండి

మెథడిస్టు అంటే ప్రొటెస్టంట్ క్రైస్తవంలో ఒక శాఖ. మన దగ్గర "మెథడిస్టు" అన్న ఒక్క మాట వెనుక రెండు వేర్వేరు మిషన్లు ఉన్నాయి. ఇది తెలియక పని మొదలుపెడితే ఒకరి కాగితాల కోసం ఇంకొకరి బీరువా వెతుకుతారు. నేను ఆరు నెలలు అదే చేశాను.

మొదటిది ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషన్. 1870ల చివర్లో సికింద్రాబాద్‌లో మొదలై కరీంనగర్, సిద్దిపేట, మెదక్, నిజామాబాద్ వైపు విస్తరించింది. 1932లో ఇంగ్లండులోని మెథడిస్టు శాఖలు ఏకమయ్యాక "వెస్లియన్" అన్న మాట పోయింది. 1947 సెప్టెంబర్ 27న ఈ సంఘాలన్నీ దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సి.ఎస్.ఐ.లో కలిసిపోయాయి. అందుకే మెదక్ డయాసిస్ (సి.ఎస్.ఐ. మెదక్ బిషప్పు కింద ఉండే ప్రాంతం) ఊళ్లలో ఇవాళ బోర్డు మీద మెథడిస్టు అని ఉండదు. పాత రిజిస్టర్ అట్ట మీద మాత్రం ఉంటుంది.

రెండోది అమెరికా నుంచి వచ్చిన మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి. ఇదీ 1870ల్లోనే హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల మధ్య మొదలైంది, తర్వాత పల్లెలకు వచ్చింది. వికారాబాద్, తాండూరు, జహీరాబాద్, బీదర్ వైపు దీని బలం ఎక్కువ. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా రైలు పడింది. వికారాబాద్, తాండూరు ఆ దారిలోవే. మ్యాపు పక్కన పెట్టుకుంటే చాలా విషయాలు విప్పి చెప్పినట్టు తెలుస్తాయి. 1939 తర్వాత ఈ చర్చి పేరులోంచి "ఎపిస్కోపల్" పోయింది. 1981లో ఇది స్వతంత్ర సంఘమై మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా అయింది. ఇది సి.ఎస్.ఐ.లో కలవలేదు.

తేడా తెలుసుకోవడానికి సులువైన ప్రశ్న ఒకటుంది. మీ అయ్యగారిని, అంటే పాస్టరును, బదిలీ చేసేది ఎవరు? మెదక్ డయాసిస్ ఆఫీసు అయితే మీ వేర్లు ఇంగ్లండు మిషన్‌లో. డి.ఎస్. (డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్) గారు, మెథడిస్టు బిషప్పు గారు అయితే అమెరికా మిషన్‌లో.

2. కాగితాల కంటే ముందు ముసలివాళ్లు

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. రిజిస్టర్లు ఎక్కడికి పోతాయో అని ముందు వాటితోనే కూర్చోవాల్సింది కాదు. నిజానికి అవి ఎక్కడికీ పోలేదు, బీరువాలోనే ఉన్నాయి. కానీ మా ఊళ్లో పాత మిషన్ పంతులు కోడలు, తొంభై దాటిన అవ్వ, నేను రిజిస్టర్లు తిరగేస్తున్న చలికాలంలో పోయింది. మట్టి గోడల గుడిని చూసిన చివరి మనిషి ఆమే. అందుకే మొదటి నెల మొత్తం మనుషులకే పెట్టండి.

వెళ్లేటప్పుడు ఒక్కరే వెళ్లకండి. ఆ ఇంటికి వరసైన వాళ్లను వెంట తీసుకెళ్లండి. ఫోన్‌లో రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి, ఒప్పుకున్నాకే బటన్ నొక్కండి. మంచానికి దగ్గర్లో కూర్చోండి, ఫ్యాను ఆపండి. ఫ్యాను చప్పుడుకి నా మొదటి మూడు రికార్డింగులు ఎందుకూ పనికిరాలేదు.

"ఏ సంవత్సరంలో?" అని అడగొద్దు. ఎవరికీ తెలియదు, పాపం ఏదో ఒకటి చెప్తారు, మీరు రాసుకుంటారు. సంవత్సరానికి బదులు గుర్తులు పట్టుకోండి. "రజాకార్ల గడబిడల నువ్వు ఎంత ఉంటివి అవ్వా? లగ్గమైందా, కాలేదా?" అంటే 1947, 48 దొరుకుతుంది. పోలీస్ యాక్షన్ అంటే 1948 సెప్టెంబర్. "గత్తర వచ్చిన ఏడు", "పెద్ద కరువు", 1969 తెలంగాణ ఉద్యమం, ఎమర్జెన్సీ కూడా ఇలాగే పనికొస్తాయి. గత్తర, కరువు చాలాసార్లు వచ్చాయి కాబట్టి వాటిని ఇంకో గుర్తుతో సరిచూసుకోవాలి. మెదక్ వైపైతే పెద్ద గుడి ప్రారంభమైన 1924 క్రిస్మస్ ఒక మైలురాయి. వికారాబాద్ వైపైతే 1923 నుంచి నవంబర్‌లో జరుగుతున్న ధారూర్ మెథడిస్టు క్రిస్టియన్ జాతర. "మా నాయిన నన్ను బండి మీద ధారూర్ జాతరకు తోల్కపోయిండు" అన్న ఒక్క మాటతో పిల్ల వయసు, ఎద్దుల బండి కాలం, ఎవరెవరు కలిసి వెళ్లేవాళ్లు అన్నీ కదులుతాయి.

ఏం అడగాలి? నాకు పనికొచ్చిన ప్రశ్నలు ఇవి. ఊళ్లో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్న ఇల్లు ఏది? వాళ్లకు ఈ మాట ఎవరి ద్వారా వచ్చింది? దాదాపు ప్రతిసారీ జవాబు ఏ తెల్లదొర (మిషనరీ) పేరో కాదు, "మా మేనమామ ఊరి నుంచి", "మా అక్కను ఇచ్చిన ఊరి నుంచి" అని వస్తుంది. నేను చివరికి ఒక పెద్ద తెల్లకాగితం మీద వియ్యాలన్నీ గీశాను. ఏ ఊరి పిల్ల ఏ ఊరికి వెళ్లిందో గీస్తే, మా సర్కిట్‌లో (కలిపి నడిపే ఊళ్ల గుంపులో) చర్చిలు ఏ వరసలో పుట్టాయో దాదాపు అదే వరస వచ్చింది. ఆ బొమ్మ పుస్తకంలో రెండు పేజీలు వేశాం.

ఇంకా అడగండి. పటేలు, పట్వారీ ఏమన్నారు? బాప్తిస్మం తర్వాత వెట్టి ఆగిందా, సాగిందా? డప్పు కొట్టడానికి ఆదివారం పిలిస్తే ఏం చేశారు? మాలవాడ, మాదిగవాడ రెండూ ఒకే గుడికి వచ్చేవా, ఒకే సాప మీద కూర్చునేవా? ఈ ప్రశ్న అడగడానికి నాకే గొంతు పట్టేసింది. కానీ అడిగితేనే చెప్పారు, అదీ దాచకుండా. రాత్రి బడి ఎవరు నడిపారు, కిరోసిన్ ఎవరు తెచ్చేవారు? గంట ఉండేదా, రైలు పట్టా ముక్క వేలాడదీసి కొట్టేవారా? జబ్బు చేస్తే ఏ దవాఖానకు? నిజామాబాద్ వైపు ఊళ్లలో డిచ్‌పల్లి పేరు తప్పకుండా వస్తుంది. అక్కడ డాక్టర్ ఇసబెల్ కెర్ నడిపిన కుష్ఠు దవాఖాన 1915 నాటిది.

పంతులమ్మల గురించి, ఇంటింటికీ తిరిగి బైబిలు చెప్పిన "బైబిలు స్త్రీల" గురించి విడిగా, ఆడవాళ్లనే అడగండి. మగవాళ్లు ఎంతసేపూ కమిటీ సెక్రటరీల పేర్లే చెప్తారు.

3. గుడిని చుట్టి రండి

ఒక పొద్దున, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, గుడి చుట్టూ తిరగండి. రాతి మీద అరిగిపోయిన అక్షరాలు ఆ వెలుగులోనే చదవడానికి వస్తాయి. సున్నం పూతల కింద దాగితే గోకకండి. మెత్తటి బ్రష్, నీళ్లు చాలు.

పునాదిరాయి మీద ఉన్న సంవత్సరం గుడి పుట్టిన ఏడు కావచ్చు, సంఘం పుట్టిన ఏడు కాకపోవచ్చు. ముందు చింతచెట్టు కింద, తర్వాత ఎవరి పశువుల కొట్టంలోనో, ఆ తర్వాత గడ్డి కప్పులో ఆరాధన జరిగి ఉంటుంది. రాయి ఆఖరున వస్తుంది. శంకుస్థాపనకు, ప్రతిష్ఠకు మధ్య కూడా ఏళ్ల తేడా ఉంటుంది. మెదక్ చర్చికే 1914లో పని మొదలైతే ప్రతిష్ఠ 1924 డిసెంబర్ 25న జరిగింది.

పెంకులు మంచి సాక్ష్యం, మోసం కూడా చేస్తాయి. మంగళూరు పెంకు తిరగేస్తే కార్ఖానా పేరు ఉంటుంది. బాసెల్ మిషన్ పెంకు మీద 1865 అని కనిపిస్తే మా వాళ్లలాగా సంబరపడకండి. అది ఆ కార్ఖానా మొదలైన ఏడు, మీ గుడిది కాదు. మా కమిటీ ఒకాయన దాన్ని పట్టుకుని "మనది నూట యాభై ఏళ్ల గుడి" అని ఫ్లెక్సీ కూడా ఆర్డర్ ఇచ్చేశాడు.

గంట మీది అక్షరాలు, ప్రసంగ పీఠం (పుల్‌పిట్) వెనుక పేరు, ప్రభువు బల్ల గిన్నె అడుగున చెక్కిన మాట, సమాధుల మీది రాళ్లు, అన్నీ ఫోటో తీయండి. మిషన్ పేరు పొడి అక్షరాల్లో ఉంటుంది. డబ్ల్యూ.ఎం.ఎం.ఎస్. అంటే ఇంగ్లండు వెస్లియన్లు, ఎం.ఇ. అంటే అమెరికా వాళ్లు.

4. రిజిస్టర్లు చదవడం

ఇవి ఊళ్లో ఉండొచ్చు, అయ్యగారు ఉండే పాస్టరేట్ ఊళ్లో ఉండొచ్చు, మునుపటి అయ్యగారి ఇంటి అటక మీద కూడా ఉండొచ్చు. రాతపూర్వకంగా అడిగి, సంతకం పెట్టి, అక్కడే కూర్చుని చూడండి. ఇంటికి తెచ్చుకోవద్దు. నేను ఒక రిజిస్టర్ కోసం మూడుసార్లు ఒక ఆఫీసు చుట్టూ తిరిగాను. నాలుగోసారి అది ఆ గదిలోనే, కిటికీ ఊగకుండా అడ్డం పెట్టి కనిపించింది.

జిరాక్స్ తీయించకండి, పాత బైండింగు విరుగుతుంది. చిరిగిన పేజీకి సెలోటేప్ వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. పగటి వెలుతురులో పైనుంచి ఫోన్‌తో ఒక్కో పేజీ తీసి, ఫైలుకు రిజిస్టర్ పేరు, పేజీ నంబర్ పెట్టుకోండి. ఆ రోజే పెట్టుకోండి. మర్నాటికి ఏది ఏదో తెలియదు.

బాప్తిస్మ రిజిస్టర్‌లో తేదీ, పేరు, తల్లిదండ్రులు, ఊరు, ఇచ్చిన వారి సంతకం ఉంటాయి. అసలు చిక్కు పేర్లతోనే. ఎల్లయ్య బాప్తిస్మంతో ఏసోబు అవుతాడు, బాలమ్మ మరియమ్మ అవుతుంది. ఊరు మాత్రం ఎల్లయ్యనే పిలుస్తుంది, పట్వారీ కాగితంలోనూ ఎల్లయ్యే. అంటే ఇద్దరనుకున్నది ఒక్కరే కావచ్చు. ఊళ్లో నలుగురు ఎల్లయ్యలు ఉంటారు కాబట్టి ఒక్కరనుకున్నది ఇద్దరు కూడా కావచ్చు. ఒక నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి. ఇంటి పేరుతో పాత పేరు, బాప్తిస్మం పేరు, ఊరి వాళ్లు పిలిచే పేరు. ఇది నిండితే సగం చరిత్ర రాసినట్టే.

ఒకే రోజు ఇరవై ముప్ఫై మంది పేర్లు వరసగా కనిపిస్తే అక్కడ ఆగండి. వాడంతా కలిసి నిర్ణయం తీసుకున్న రోజు అది. ఆ ఏడు ముందు వెనక కరువుందా, గొడవుందా, పెళ్లిళ్లున్నాయా చూడండి. వరసగా చావులు కనిపిస్తే జబ్బు కాలం. 1918లో ఇన్‌ఫ్లుయెంజా దేశమంతా పాకింది, మీ సమాధుల రిజిస్టర్‌లోనూ దాని నీడ ఉండొచ్చు.

కమిటీ మీటింగుల మినిట్స్ పుస్తకాలు విసుగ్గా ఉంటాయి. అయినా చదవండి. కోత పండుగకు వచ్చిన జొన్నలు, కోళ్లు, గుమ్మడికాయల వేలం లెక్కలు అందులోనే దొరుకుతాయి.

5. ఉర్దూ కాగితాలు, ఫస్లీ సంవత్సరాలు

గుడి స్థలం ఎవరిచ్చారన్నది ప్రతి ఊళ్లోనూ రెండు మూడు కథలుగా ఉంటుంది. నిజాం కాలం కాగితాలు ఉర్దూలో ఉంటాయి. సేత్వార్ (సర్వే నాటి భూమి రిజిస్టర్), పాత పహాణీలు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ చూడాలి. ఉర్దూ చదివే పెద్దాయన ఒకరిని పట్టుకోండి. మాకు పక్కూరి మసీదు ఇమాం సాబ్ చదివిపెట్టారు, చాయ్ తప్ప ఏమీ తీసుకోలేదు.

తేదీలు ఫస్లీలో, అంటే నిజాం రాజ్యపు రెవెన్యూ సంవత్సరాల్లో, ఉంటాయి. హైదరాబాద్ ఫస్లీ ఏడు అక్టోబర్ తొలి వారంలో మారేది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అయితే 590 కలపండి, జనవరి తర్వాత అయితే 591. జాగీర్లు రద్దు చేసిన రెగ్యులేషన్ 1358 ఫస్లీది. 591 కలిపితే 1949, అది వచ్చింది ఆ ఏడు ఆగస్టులోనే. ఇలా మీకు తెలిసిన ఒక తేదీతో లెక్క సరిచూసుకుని ముందుకెళ్లండి.

జిల్లాలు కూడా మారాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ 1956కు ముందు బీదర్ జిల్లాలో ఉండేవి. తాండూరు, కొడంగల్ గుల్బర్గా జిల్లాలో. ఆ తర్వాత 2016లో మళ్లీ విడదీశారు. మీ ఊరి పాత ఫైలు ఏ జిల్లా పేరు కింద ఉంటుందో ముందే ఆలోచించుకుంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో రోజులు కలిసొస్తాయి.

పుస్తకంలో సర్వే నంబర్లు, హద్దులు వేయకండి. చరిత్ర కోసం వేస్తే కేసు కోసం వాడుకునేవాళ్లుంటారు.

6. దొరల రాతలు

ఇంగ్లండు మిషన్ కాగితాలు లండన్‌లో సోయాస్ (SOAS) అనే విద్యాసంస్థ లైబ్రరీలో ఉన్నాయి. అమెరికా వాళ్లవి న్యూజెర్సీలో డ్రూ యూనివర్సిటీ ఆవరణలోని యునైటెడ్ మెథడిస్టు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడ చదువుకునే మన పిల్లలు ఎవరైనా ఉంటే ఒక శనివారం అడుక్కోండి. అంత దూరం అక్కర్లేకుండా బెంగళూరులోని యునైటెడ్ థియలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్‌లో చాలా దొరుకుతాయి. పాత వార్షిక నివేదికలు కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి.

అమెరికా శాఖ వారి కాన్ఫరెన్స్ జర్నల్స్‌లో ఏ ఏడు ఎవరిని ఏ సర్కిట్‌కు వేశారో జాబితా ఉంటుంది. మీ అయ్యగార్ల వరస దాంతో ఖాయం చేసుకోవచ్చు. వెతికేటప్పుడు ఊరి పేరును నాలుగైదు స్పెల్లింగులతో ప్రయత్నించండి, లేకపోతే సర్కిట్ పేరుతో వెతకండి.

ఒక హెచ్చరిక. ఈ నివేదికలు స్వదేశంలో చందాలు ఇచ్చేవాళ్ల కోసం రాసినవి. చీకటి, వెలుగు, విగ్రహాలు, కన్నీళ్లు కాస్త ఎక్కువుంటాయి. పల్లెపల్లె తిరిగిన పంతులు పేరు చాలాచోట్ల ఉండదు, "మన బోధకుడు ఒకరు" అని ఊరుకుంటారు. మెదక్ చర్చి అనగానే దాన్ని కట్టించిన మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ గారి పేరు చెప్తాం, 175 అడుగుల గోపురం గురించి చెప్తాం. ఆ రాళ్లు మోసినవాళ్ల, డంగు సున్నం నూరినవాళ్ల పేర్లు ఎన్ని తెలుసు మనకు? మీ గుడి చిన్నది. ఇటుకలు ఎవరు కోశారో చెప్పగలిగిన మనవళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. నివేదికలో "బోధకుడు ఒకరు" అని ఉన్నచోట ముసలివాళ్ల దగ్గర మీరు రికార్డు చేసిన పేరు పెట్టండి.

7. మాటకూ కాగితానికీ పొసగకపోతే

అవ్వ ఒకటి చెప్తుంది, రిజిస్టర్ ఇంకోటి చెప్తుంది. వెంటనే కాగితమే నిజమనుకోవద్దు. మా రిజిస్టర్‌లో మొదటి బాప్తిస్మం ఒక ఇంటిది, ఊరంతా చెప్పేది ఇంకో ఇంటి పేరు. తీరా చూస్తే ఆ రెండో ఇంటివాళ్లు అంతకు ముందే అత్తగారి ఊళ్లో తీసుకున్నారు, వాళ్ల పేర్లు ఆ ఊరి రిజిస్టర్‌లో ఉన్నాయి. రెండూ నిజమే. తేలని చోట రెండు మాటలూ వేసి, ఏది ఎవరు చెప్పారో రాయండి. కమిటీలో ఎవరి తాత ముందన్న గొడవకు కూడా ఇదే మందు.

8. పేర్లు అచ్చు వేసే ముందు

ఇది దాటవేయొద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులకు ఎస్.సి. హోదా ఉండదు. మన రాష్ట్రాల్లో వాళ్లను బి.సి.–సి కింద లెక్కిస్తారు. పల్లెల్లో ఒకే ఇంట్లో అన్నకు ఒక సర్టిఫికెట్, తమ్ముడికి ఇంకో సర్టిఫికెట్ ఉండటం మామూలే. మీరు ముచ్చటపడి వేసిన బాప్తిస్మ జాబితా రేపు ఎవరి ఉద్యోగం మీదో, సర్పంచి పదవి మీదో ఫిర్యాదుకు జత కావచ్చు.

నేను పెట్టుకున్న నియమం ఇది. బతికున్నవాళ్ల పేరు అడగకుండా వేయలేదు. పోయినవాళ్ల పేరుకు వాళ్ల పిల్లలను అడిగాను. వద్దన్న ఇంటిని "ఇంకో కుటుంబం" అని రాశాను, ఎందుకు వద్దన్నారని అడగలేదు. సంఘస్థుల పూర్తి జాబితా పుస్తకంలో లేదు, ఫేస్‌బుక్‌లో అయితే అసలే లేదు. ఫోటోల కింద పేర్లకూ ఇదే పద్ధతి.

9. రాయడం, అచ్చు

మొదటి అధ్యాయం మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీతో మొదలుపెట్టకండి. 1738లో లండన్‌లో ఆయన హృదయం వెచ్చబడిన సంగతి వేరే పుస్తకాల్లో ఉంది. మీ ఊరి చింతచెట్టు సంగతి ఇంకెక్కడా లేదు. చెట్టుతో మొదలుపెట్టి, వెస్లీకి ఒక పేరా ఇవ్వండి చాలు.

అవ్వల మాటలు వాళ్ల యాసలోనే ఉంచండి. బిషప్పు గారి సందేశం, ఎమ్మెల్యే గారి ఫోటో, ప్రకటనలు అన్నీ వెనక్కి నెట్టండి. దీనికి కమిటీలో కొంచెం యుద్ధం తప్పదు. 80, 100 పేజీలు మించితే ఎవరూ చదవరు. అక్షరాలు పెద్దవిగా పెట్టించండి, చదివేవాళ్లలో సగం మందికి కళ్లజోళ్లు. ప్రూఫు ఊళ్లో ఇద్దరితో చదివించండి. వరసలు తప్పు పడితే వాళ్లే పట్టుకుంటారు. రికార్డింగులు, ఫోటోలు రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టి ఒకటి పాస్టరేట్‌కు, ఒకటి ఊరి బయట ఉండే ఒకరికి ఇవ్వండి. పుస్తకం ఒక కాపీ బెంగళూరు ఆర్కైవ్స్‌కు పోస్టు చేయండి.

విడుదలైన మర్నాడే "మా తాత పేరు ఏది?" అని ఎవరో ఒకరు ఇంటికొస్తారు. కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, ఒక కొత్త నోట్‌బుక్ తీయండి. మాకు అలా వచ్చిన మొదటాయన తన తాత గుడి దూలానికి టేకు దుంగ ఎక్కడి నుంచి బండి మీద తెచ్చాడో చెప్పాడు. రెండేళ్లలో అది ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.